పరుగు ఆపిన తొలి నిమిషం: పిల్లల్లో ఎక్సర్‌సైజ్ స్ట్రెస్ ఎకో సరిగ్గా చేసే పద్ధతి

ట్రెడ్‌మిల్ మీద 190 దాకా వెళ్లిన హార్ట్ రేటు, పిల్లవాణ్ని మంచం మీద పడుకోబెట్టి ప్రోబ్ ఆనించేసరికి 150కి దిగిపోతోంది. ఇక అది స్ట్రెస్ ఎకో ఎలా అవుతుంది? పిల్లల ఎకో గదుల్లో పనిచేసేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇదే. స్ట్రెస్ ఎకో అంటే వ్యాయామంతో గుండె వేగం పెంచి, ఛాతీ మీద ప్రోబ్ ఆనించి, ఆ వేగంలో గుండె ఎలా పనిచేస్తోందో అల్ట్రాసౌండ్ బొమ్మల్లో చూసే పరీక్ష.

పెద్దల్లో బొమ్మలు తీయడానికి 60 నుంచి 90 సెకన్ల వరకు వెసులుబాటు ఉంటుంది. పిల్లల్లో అంత ఉండదు. వ్యాయామం ఆపి పడుకోగానే ఒక్క నిమిషంలో హార్ట్ రేటు 30 నుంచి 50 వరకు పడిపోవడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ మామూలే. రక్తసరఫరా చాలక మందగించిన గుండె గోడ కూడా అంతలోనే మళ్లీ కుదురుకోవచ్చు. అందుకే ఇక్కడ చెప్పే తయారీ చాలావరకు ఆ ఒక్క నిమిషాన్ని పోగొట్టుకోకుండా ఉండడానికే.

ఇది ఎకో టెక్నీషియన్లకు, పిల్లల గుండె వైద్యంలో శిక్షణ పొందుతున్న డాక్టర్లకు ఉద్దేశించినది. పరీక్ష జరిగినంతసేపూ పిల్లల కార్డియాలజిస్టు అందుబాటులో ఉండాలి.

1. ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

రిఫరల్ చీటీలో ‘స్ట్రెస్ ఎకో’ అని మాత్రమే ఉంటే పరీక్ష మొదలుపెట్టకండి. ఏం తెలుసుకోవాలో రాసిచ్చిన డాక్టర్నే అడగండి. పరుగు ఆగాక ముందు ఏ బొమ్మ తీయాలో ఆ జవాబును బట్టే తేలుతుంది.

- గుండె కండరానికి రక్తం చాలుతోందా: కవాసాకి జబ్బు తర్వాత కరోనరీ నాళాలు ఉబ్బినవారు, పెద్ద రక్తనాళాలు తారుమారై పుట్టి ఆర్టీరియల్ స్విచ్ ఆపరేషన్ అయినవారు, కరోనరీ నాళం తప్పుడు చోట నుంచి పుట్టినవారు, గుండె మార్పిడి అయినవారు. వీరిలో ముందు గోడల కదలిక చూడాలి.
- అడ్డంకి పెరుగుతోందా: హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం అతిగా మందమయ్యే జబ్బు), లక్షణాలు లేని బృహద్ధమని కవాటపు ఇరుకు, కోఆర్క్టేషన్ (బృహద్ధమని ఒకచోట ఇరుకవడం) సరిచేసినవారు. వీరిలో ముందు డాప్లర్, అంటే రక్తం వేగం కొలవడం.
- గుండెకు అదనపు బలం ఉందా: ఆంత్రాసైక్లిన్ కీమో తీసుకున్నవారు, కవాటం లీకు ఉన్నవారు. వీరిలో ఎడమ జఠరిక పరిమాణం, ఈఎఫ్ (ఒక్కో బీటుకు జఠరిక బయటికి పంపే రక్తపు శాతం) ముఖ్యం.
- కుడి గుండె ఎలా ఉంది: ఫాలో టెట్రాలజీ (పుట్టుకతో నాలుగు లోపాలు కలిసి వచ్చే గుండె జబ్బు) సరిచేసినవారు. వీరిలో కుడి జఠరిక బొమ్మలు ముందు.

హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి సంగతి కాస్త వేరు. కాళ్లు ఆగగానే గుండెకు తిరిగొచ్చే రక్తం ఒక్కసారిగా తగ్గి, ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికి వెళ్లే దారి ఇంకా ఇరుకవుతుంది. అడ్డంకి ఎక్కువయ్యేది తరచుగా అప్పుడే. అలాంటి పిల్లవాడిలో అలవాటు కొద్దీ గోడల బొమ్మలతో మొదలుపెడితే చూడాల్సినదే తప్పిపోతుంది.

2. ఎవరికి వాయిదా వేయాలి

- జ్వరం, జలుబు, దగ్గు ఉన్నవారికి
- మయోకార్డైటిస్ (గుండె కండరపు వాపు), పెరికార్డైటిస్ (గుండె పొర వాపు), కవాసాకి తీవ్రదశలో ఉన్నవారికి
- గుండె వైఫల్యం అదుపులో లేనివారికి
- బీపీ గానీ, లయ తప్పడం గానీ అదుపులో లేనివారికి
- లక్షణాలతో కూడిన తీవ్రమైన బృహద్ధమని కవాటపు ఇరుకు ఉన్నవారికి

పరుగెత్తలేని చిన్నపిల్లలకు మందుతో గుండె వేగం పెంచే డోబుటమైన్ పద్ధతి ఉంది. దాని మోతాదులు, ప్రమాదాలు వేరు కాబట్టి దాన్ని ఇక్కడ కలపడం లేదు.

3. ట్రెడ్‌మిల్లా, సైకిలా?

పక్కకు వంగే సెమీ సుపైన్ (వెనక్కి వాలి తొక్కే) సైకిల్ ఉంటే, పిల్లవాడి కాళ్లు పెడళ్లకు అందితే, సైకిలే మేలు. తొక్కుతుండగానే బొమ్మలు తీయొచ్చు, హార్ట్ రేటు పడిపోతుందన్న బెంగ ఉండదు. చిక్కల్లా తొడలు ముందే అలసిపోవడం. ట్రెడ్‌మిల్‌తో పోలిస్తే గరిష్ఠ హార్ట్ రేటు 10 నుంచి 20 తక్కువగా ఆగుతుంది.

ట్రెడ్‌మిల్ మీద 6, 7 ఏళ్ల పిల్లలు కూడా బాగానే పరుగెత్తుతారు, గుండె మీద పూర్తి భారం పడుతుంది. కానీ బొమ్మలు మాత్రం దిగాకే. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో టీఎంటీ (ట్రెడ్‌మిల్ ఈసీజీ పరీక్ష) గది ఉంటుంది, ఎకో సైకిల్ ఉండదు. అందుకే ఇక్కడ ట్రెడ్‌మిల్ గురించే ఎక్కువ చెబుతున్నాం.

4. ఇంటి దగ్గర చేయాల్సినవి

ఈ జాబితాను అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే తల్లిదండ్రులకు తెలుగులో రాసివ్వండి.

- పరీక్షకు 2, 3 గంటల ముందు ఇడ్లీ లాంటి తేలికపాటి టిఫిన్ పెట్టాలి. ఖాళీ కడుపుతో తీసుకురావద్దు.
- ఆ రోజు కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్ వద్దు. మంచినీళ్లు తాగొచ్చు.
- ఒంటికి నూనె, పౌడర్ రాయకూడదు. ఈసీజీ స్టిక్కర్లు ఊడిపోయేది ఎక్కువగా వీటివల్లే.
- చెప్పులతో కాదు, బడికి వేసుకెళ్లే బూట్లతో రావాలి. లంగాలు, చున్నీలు వద్దు.
- మెడలో గొలుసు, తాయెత్తు ఉంటే ఇంట్లోనే తీసి రావాలి. తీయడానికి ఒప్పుకోకపోతే చేతికి కట్టుకుని రమ్మనండి.
- మందులు డాక్టర్ చెబితే తప్ప ఆపకూడదు.

చివరి మాట మీద ప్రత్యేకంగా నిలబడండి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) ఆపాలా వద్దా అన్నది పిల్లవాడి జబ్బును బట్టి, తెలుసుకోవాల్సిన విషయాన్ని బట్టి కార్డియాలజిస్టు తేల్చాలి. ఫోనులో రిసెప్షన్ నుంచి ‘రెండ్రోజులు ఆపేయండి’ అని చెప్పే విషయం కాదు.

5. గది, మంచం, మెషీన్

మంచం ట్రెడ్‌మిల్‌కు ఒకటి రెండు అడుగుల దూరంలోనే ఉండాలి. ఈసీజీ తీగలు ఏ పక్కన వేలాడుతున్నాయో మంచం కూడా ఆ పక్కనే వేయండి. లేదంటే దిగేటప్పుడు తీగలు మెలిపడి 10 సెకన్లు వాటికే పోతాయి.

స్టిక్కర్లు అంటించే ముందు ఎకో కిటికీలు (గుండె బాగా కనిపించే చోట్లు) ఎక్కడో ప్రోబ్‌తో వెతికి, చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టండి. ఛాతీ లీడ్లు ఆ గుర్తులకు కొంచెం పైకో కిందికో జరగాలి. ఎకో మెషీన్‌కు విడిగా మూడు లీడ్లు కావాలి. ట్రెడ్‌మిల్ ఈసీజీ ఉంది కదా అని వాటిని వదిలేస్తే క్లిప్పు మీద హార్ట్ రేటు పడదు. తర్వాత ఆ బొమ్మ ఏ వేగంలో తీసిందో ఎవరూ చెప్పలేరు.

బీపీ పట్టీ కొలత పిల్లవాడి చేతికి సరిపోవాలి. లోపలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. బీపీ కుడి చేతికి చూడాలి, కోఆర్క్టేషన్ ఉన్నవారిలో ఇది తప్పనిసరి. కుడివైపు బీటీ షంట్ (చేతి ధమని నుంచి ఊపిరితిత్తులకు రక్తం మళ్లించే) ఆపరేషన్ అయి ఉంటే ఆ చేతి అంకె నమ్మదగింది కాదు.

మెషీన్ అమరిక:

- 30 కిలోల లోపు పిల్లలకు 6 నుంచి 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్, అంతకు మించితే 3 నుంచి 5. ముందూ తర్వాతా ఒకే ప్రోబ్ వాడాలి.
- సెక్టార్ ఇరుకు చేసి, లోతు తగ్గించి, ఫ్రేమ్ రేటు 80 దాటేలా చూడండి.
- స్ట్రెయిన్ (కండరం ఎంత కుంచించుకుంటోందో) కొలవాలంటే హార్ట్ రేటును 0.7తో గుణించగా వచ్చినన్ని ఫ్రేములైనా సెకనుకు ఉండాలి. 180 దగ్గర అది 126.
- క్లిప్పు నిడివి బీట్లలో కాదు, సెకన్లలో పెట్టండి. 2 సెకన్లు చాలు, 180 వేగంలో అందులో 6 బీట్లు పడతాయి.
- డాప్లర్ స్వీప్ వేగం సెకనుకు 100 నుంచి 150 మి.మీ.

ఫ్రేమ్ రేటు గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 180 వేగంలో ఒక్క బీటు 333 మిల్లీసెకన్లే. సెకనుకు 30 ఫ్రేములైతే బీటుకు 10 వస్తాయి, అందులో సంకోచానికి దక్కేవి నాలుగైదు. గోడ మందగించిందో లేదో ఆ నాలుగింటిలో చూసి చెప్పలేం.

అత్యవసర బల్ల మీద: ఆక్సిజన్, పిల్లల సైజు మాస్కుతో అంబు బ్యాగ్, అడ్రినలిన్, పిల్లల ప్యాడ్లతో డీఫిబ్రిలేటర్. పిల్లవాడి బరువు ప్రకారం మొదటి షాక్ కిలోకు 2 జౌల్స్, రెండోది 4. ఈ లెక్కను పరీక్షకు ముందే వేసి కాగితం మీద రాసి అతికించండి.

6. విశ్రాంతి బొమ్మలు

గదిలోకి రాగానే పడుకోబెట్టి తీసేయకండి. కొత్త మనుషుల మధ్య, తీగల మధ్య పిల్లవాడి హార్ట్ రేటు అప్పటికే 120 ఉంటుంది, గుండె గట్టిగా కొడుతుంటుంది. దాన్నే ఆధారంగా తీసుకుంటే వ్యాయామం తర్వాత పెరుగుదల ఏమీ లేనట్టు కనిపిస్తుంది. 5, 10 నిమిషాలు ఆగండి. అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టండి. ఎదిగిన ఆడపిల్లలకు ముందు తెరుచుకునే గౌను ఇచ్చి, తల్లి గానీ మహిళా సిబ్బంది గానీ గదిలో ఉండేలా చూడండి.

తీయాల్సినవి: పారాస్టెర్నల్ (రొమ్ము ఎముక పక్క నుంచి) లాంగ్ యాక్సిస్ (గుండె పొడవునా), షార్ట్ యాక్సిస్ (గుండెకు అడ్డంగా) మధ్య భాగం, ఎపికల్ (గుండె కొన నుంచి) నాలుగు గదులు, రెండు గదులు, మూడు గదులు. తర్వాత ప్రశ్నకు తగ్గ డాప్లర్. ప్రతి బొమ్మ లోతునూ రాసుకోండి, వ్యాయామం తర్వాత అదే లోతు వాడాలి.

ఇప్పుడే మూడు పనులు సాధన చేయించండి.

- ట్రెడ్‌మిల్ మీది నుంచి దిగి ఎడమ పక్కకు తిరిగి, ఎడమ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోవడం. రెండుసార్లు చేయించండి, స్టాప్‌వాచ్ పెట్టండి. 10 సెకన్లు దాటితే మంచం జరపండి.
- ‘ఊపిరి వదులు నాన్నా, పూర్తిగా వదులు, ఆపు’ అన్న మూడు మాటలకు అలవాటు చేయడం. ఆయాసంలో ఉన్నవాడికి కొత్త మాటలు ఎక్కవు. అప్పుడు కూడా అవే మాటలు, అదే వరుసలో వాడాలి.
- బెల్టు పూర్తిగా ఆగాకే కాలు కింద పెట్టడం.

7. వ్యాయామం

బ్రూస్ పద్ధతిలో ఒక్కో దశ 3 నిమిషాలు.

- 1వ దశ: గంటకు 2.7 కి.మీ., ఎత్తు 10 శాతం
- 2వ దశ: 4 కి.మీ., 12 శాతం
- 3వ దశ: 5.5 కి.మీ., 14 శాతం
- 4వ దశ: 6.7 కి.మీ., 16 శాతం

సైకిల్ అయితే కిలోకు 0.5 వాట్‌తో మొదలుపెట్టి ప్రతి 2 నిమిషాలకు అంతే పెంచండి. 30 కిలోల పిల్లవాడికి అది 15 వాట్లు. నిమిషానికి 60 చుట్లు తగ్గకుండా తొక్కించి, ప్రతి దశలో రెండో నిమిషంలో బొమ్మలు తీయండి. ఏ పద్ధతిలోనైనా వ్యాయామం 8 నుంచి 12 నిమిషాల్లో ముగిసేలా ఉండాలి.

లక్ష్యం 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం. పదేళ్లవాడికి 179. అయితే అది దాటగానే ఆపేయడం పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ట్రెడ్‌మిల్ మీద 195, 200 వరకు సులువుగా వెళ్తారు. పైన ఎంత వేగంలో ఆపితే, కింద బొమ్మ తీసేటప్పుడు అంత మిగులుతుంది. పిల్లవాడు నిజంగా అలసి ‘ఇక వల్లకాదు’ అనేదాకా ప్రోత్సహించండి. కడ్డీ పట్టుకుని వేలాడనివ్వకండి, దానివల్ల భారం తగ్గిపోతుంది.

వెంటనే ఆపాల్సినవి:

- భారం పెరుగుతున్నా పై బీపీ పడిపోవడం
- పై బీపీ 250 గానీ, కింద బీపీ 125 గానీ దాటడం
- ఈసీజీలో ఎస్‌టీ గీత 3 మి.మీ. లేదా అంతకు మించి, చదునుగా గానీ కిందికి వాలుగా గానీ దిగడం
- భారంతో పాటు వెంట్రిక్యులర్ ఎక్టోపిక్ బీట్లు (జఠరికల నుంచి పుట్టే అదనపు బీట్లు) ఎక్కువవడం
- లక్షణాలతో పాటు ఆక్సిజన్ శాతం 90 కిందికి రావడం, లేదా విశ్రాంతి అంకెకంటే 10 తగ్గడం
- కళ్లు తిరగడం, మొహం పాలిపోవడం, ఛాతీనొప్పి ఎక్కువవడం
- పిల్లవాడు ఆపమని గట్టిగా అడగడం

8. తొలి నిమిషం

మామూలు టీఎంటీలో చివర ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నడిపిస్తారు. ఇక్కడ ఆ నడక లేదు. ట్రెడ్‌మిల్ చూసేవారికి ఇది ముందే చెప్పకపోతే అలవాటు కొద్దీ నడిపించేస్తారు, పరీక్ష అక్కడితో సరి. వెంటనే పడుకుంటాడు కాబట్టి కళ్లు తిరిగే ప్రమాదం నిలబెట్టినదానికంటే తక్కువే.

ముగ్గురు కావాలి. ఒకరు జెల్ రాసిన ప్రోబ్‌తో మంచం పక్కన సిద్ధంగా ఉంటారు. ఒకరు బెల్టు ఆపి, పిల్లవాడి జబ్బ పట్టుకుని దించి, తీగల పెట్టెను వెంట తెస్తారు. మూడోవారు బీపీ, ఈసీజీ చూస్తూ సెకన్లను బిగ్గరగా లెక్కపెడతారు. ఆపడానికి అరనిమిషం ముందే ‘సిద్ధం’ అనుకోవాలి.

రక్తసరఫరా తెలుసుకోవడానికైతే వరుస ఇది:

- 0 నుంచి 10 సెకన్లు: దిగడం, ఎడమ పక్కకు పడుకోవడం
- 10 నుంచి 20: షార్ట్ యాక్సిస్ మధ్య భాగం
- 20 నుంచి 32: ఎపికల్ నాలుగు గదులు
- 32 నుంచి 42: రెండు గదులు
- 42 నుంచి 50: మూడు గదులు
- 50 నుంచి 60: లాంగ్ యాక్సిస్

ఎపికల్ బొమ్మలతో మొదలుపెట్టేవారూ ఉన్నారు, అదీ తప్పు కాదు. పిల్లల్లో మాకు షార్ట్ యాక్సిసే ముందు నచ్చడానికి కారణం, మూడు కరోనరీ నాళాల ప్రాంతాలూ ఆ ఒక్క బొమ్మలోనే కనిపిస్తాయి. తర్వాత ఏం తప్పినా ఒక జవాబు చేతిలో ఉంటుంది.

బొమ్మ చక్కగా కుదిరాక రికార్డు నొక్కుదాం అని చూడకండి. ప్రోబ్ ఆనగానే రికార్డు మొదలవ్వాలి, మంచి బీట్లు తర్వాత ఏరుకోవచ్చు. ఆయాసంలో ఊపిరితిత్తి గుండెకు అడ్డొస్తుంది. ‘వదులు, ఆపు’ అన్నాక దొరికే రెండు సెకన్లే మీవి. ఒక బొమ్మ 10 సెకన్లలో దొరకకపోతే వదిలేసి తర్వాతిదానికి వెళ్లండి.

అడ్డంకి చూడాలంటే ఎపికల్ నుంచి కంటిన్యుయస్ వేవ్ డాప్లర్ ముందు, గోడలు ఆ తర్వాత. కోఆర్క్టేషన్‌లో కుడి చేతి బీపీ, మెడ గుంట దగ్గర డాప్లర్ రెండూ ఒకేసారి జరగాలి.

9. తర్వాతి 10 నిమిషాలు

ప్రోబ్ పక్కన పెట్టేయకండి. వ్యాకోచం కొలిచే ‘ఈ’, ‘ఏ’ అనే రెండు డాప్లర్ అలలు ఆ వేగంలో ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. హార్ట్ రేటు తగ్గి అవి విడివడగానే ఆ కొలతలు తీసుకోండి. ప్రతి నిమిషానికీ ఈసీజీ, ఒకటి రెండు నిమిషాలకోసారి బీపీ చూడాలి. లయ తప్పడం ఈ దశలోనూ మొదలవ్వొచ్చు. రేటు, బీపీ మొదటి అంకెల దగ్గరికి వచ్చేదాకా తీగలు తీయొద్దు.

10. బొమ్మలు చదవడం

ముందువీ తర్వాతవీ పక్కపక్కన పెట్టి, సంకోచాన్ని మాత్రమే పోల్చండి. మామూలు గుండెలో సంకోచం చివర ఎడమ జఠరిక విశ్రాంతి కంటే చిన్నదవుతుంది, గోడలన్నీ మందమవుతాయి, ఈఎఫ్ 5 నుంచి 10 పాయింట్లయినా పెరుగుతుంది. జఠరిక అలాగే ఉండిపోయినా, పెద్దదైనా, కొన గుండ్రంగా ఉబ్బినా అనుమానించాలి.

ప్రతి భాగానికీ అంకె వేయండి: మామూలు కదలికకు 1, మందగిస్తే 2, కదలకపోతే 3, వెనక్కి ఉబ్బితే 4.

ఆపరేషన్ అయిన పిల్లల్లో మధ్య గోడ ఎటూ వింతగానే కదులుతుంది. కుడి బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండె కుడివైపు విద్యుత్ దారిలో అడ్డు) ఉన్నా అంతే. అక్కడ కదలికను కాదు, గోడ మందమవుతోందా అన్నది చూడండి.

డాప్లర్‌లో పెద్ద అంకె కనిపిస్తే సంతకం పెట్టే ముందు ఒక లెక్క వేయండి. గ్రేడియంట్ అంటే అడ్డంకికి రెండు వైపులా ఉన్న పీడనాల తేడా, వేగం వర్గాన్ని 4తో గుణిస్తే వస్తుంది. రక్తం వేగం సెకనుకు 4 మీటర్లయితే గ్రేడియంట్ 64. దానికి పై బీపీ కలిపితే సుమారుగా ఎడమ జఠరికలోని పీడనం వస్తుంది. బీపీ 160, వేగం 6.5 అనుకుంటే గ్రేడియంట్ 169, జఠరిక పీడనం 329 అవుతుంది. అది నమ్మశక్యం కాదు. మీరు పట్టింది బహుశా మైట్రల్ లీకు ధార. అడ్డంకి ధార ఆలస్యంగా శిఖరానికి చేరి బాకులా ఉంటుంది, లీకు ధార సంకోచం మొదలవగానే పుట్టి నిండుగా ఉంటుంది.

11. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*ఎపికల్ బొమ్మలో గుండె పొట్టిగా కనిపించడం.* ప్రోబ్ కొన మీద లేదు. ఒక పక్కటెముక కిందికి, బయటికి జరపండి. పొట్టి బొమ్మలో కొన బాగా కొడుతున్నట్టు భ్రమ కలుగుతుంది.

*క్లిప్పులు మధ్యలో తెగిపోవడం.* చెమటకు ఈసీజీ చెదిరి మెషీన్ బీట్లను తప్పుగా లెక్కపెట్టింది. సెకన్ల లెక్కకు మార్చండి.

*ప్రోబ్ జారడం.* చెమట. టవల్ మంచం మీదే ఉంచండి, ఒక్కసారి అద్దితే చాలు, రుద్దితే స్టిక్కర్లు ఊడతాయి.

*85 శాతానికి చేరకుండానే పిల్లవాడు ఆపేయడం.* బీటా బ్లాకర్ వేసుకున్నాడా, కడ్డీ పట్టుకున్నాడా, భయపడ్డాడా చూడండి. కాసేపాగి మళ్లీ పరుగెత్తించకండి, మరో రోజు పెట్టండి.

*రెండు బొమ్మల లోతు వేరవడం.* పోలిక కుదరదు. విశ్రాంతి అమరికను ప్రీసెట్‌గా దాచుకుంటే ఈ తంటా ఉండదు.

12. రిపోర్టులో తప్పక ఉండాల్సినవి

- పద్ధతి, ఎన్ని నిమిషాలు, ఎందుకు ఆపారు
- గరిష్ఠ హార్ట్ రేటు, అది లక్ష్యంలో ఎంత శాతం
- మొదటి బొమ్మ, చివరి బొమ్మ తీసినప్పటి హార్ట్ రేటు, ఎన్నో సెకను
- బీపీ, ఆక్సిజన్, ఈసీజీ మార్పులు, లక్షణాలు
- భాగాలవారీ అంకెలు, ముందూ తర్వాతా ఈఎఫ్, గ్రేడియంట్
- కనిపించని భాగాలు ఏవి

మూడో అంశం చాలా రిపోర్టుల్లో ఉండదు. గరిష్ఠం 192 అని రాసి, బొమ్మలు 138 దగ్గర తీసి ఉంటే ‘నెగెటివ్’ అనకండి. ‘బొమ్మలు తగినంత వేగంలో రాలేదు’ అనే రాయండి.

కరోనరీ నాళం తప్పుడు చోట నుంచి పుట్టిన పిల్లల్లో బొమ్మలన్నీ బాగున్నా ‘ఆటలాడొచ్చు’ అని రిపోర్టులో రాయకూడదు. స్ట్రెస్ పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన వారిలో ప్రమాదం లేదని కాదు. ఆటల సంగతి కార్డియాలజిస్టు సీటీ బొమ్మలతో కలిపి చూసి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడాల్సిన విషయం. గది బయట నాన్నగారు ‘ఏమైనా ఉందా అండీ?’ అని అడిగితే టెక్నీషియన్ చెప్పాల్సింది రిపోర్టు ఎన్ని గంటలకు వస్తుందో, డాక్టర్ ఎప్పుడు కలుస్తారో, అంతే.